రేకుల అవతల

జూన్ 4

సబ్బుబిళ్ళకి అక్క దీవెనలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. యాభై దగ్గర పడుతున్నవాణ్ణి ఇంకా ఆ పేరుతోనే పిలుస్తావేమిటని విసుక్కోకు. చిన్నప్పుడు చేతులు కడుక్కున్నాక ఆ సబ్బుని కూడా కడిగి పెట్టినవాడివి నువ్వు. ఊరూరా తిరిగి ఏ వీధి శుభ్రంగా ఉందో చూసి మార్కులు వేసే ఉద్యోగం నీకు దొరికిందంటే వింతేముంది? జీతం ఇవ్వకపోయినా చేసేవాడివి.

ఈ నెలాఖర్లో మా ఊరికి వస్తున్నావని చదివి సంబరపడ్డాను. కింది వరుస చదివి చల్లబడ్డాను. వ్యాను దిగవా? ఆరేళ్ళ తర్వాత వస్తూ, అక్క దుకాణం ముందు నుంచే పోతూ, కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటావా? సరే, వ్యానులోంచే చూసి మార్కులు వెయ్యాలన్నది రూలైతే రూలే. గుమ్మంలో నిలబడమన్నావు, నిలబడతాను. నా దుకాణం స్టేషను రోడ్డు మీదే ఉంది కాబట్టి బతికిపోయాం. ఇంటిలాగే అదీ సందు లోపల ఉండుంటే మనకి ఆ చూపు కూడా ఉండేది కాదు.

దాచుకోకుండా చెబుతున్నాను, పోయినసారి నువ్వు వెళ్ళిన తీరు నా మనసులోంచి పోలేదు. వారం ఉంటానని వచ్చి మర్నాడే పెట్టె సర్దావు. సందు మొదట్లో చెత్తకుప్ప దాటేటప్పుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని "ఇక్కడ మనుషులెలా ఉంటారే అక్కా" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు. నేనుంటున్నాను కదా ఇక్కడ అని ఆ రోజంతా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

అందుకని ఈసారి పట్టుదలకి పోయాను. పక్క దుకాణంలో గొడుగులు బాగుచేసే ఆయనా, నేనూ, సందులో ఆడవాళ్ళూ కలిసి ఆ కుప్ప తీసే పనిలో పడ్డాం. చెత్తబండి రోజూ వచ్చేలా మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. తమ్ముడొస్తున్నాడని చెప్పలేదులే, చుట్టాలొస్తున్నారన్నాను. "చుట్టాలొస్తే ఇల్లు ఊడ్చుకుంటారు గానీ ఊరు ఊడుస్తారేంటమ్మా" అన్నాడు గొడుగులాయన. అంటూనే పార పట్టుకొచ్చాడు.

రైలు దిగేవాళ్ళ సంచులకి పట్టీలు తెగినంతకాలం, జిప్పులు ఊడినంతకాలం నా పనికి లోటు లేదు. నేను శుభ్రంగా ఉన్నాను.

నీ కోసం వీధి ఊడుస్తున్న
అక్క


జూన్ 13

అక్కకి నమస్కారం.

రూలు గురించి వేళాకోళమాడావు కాబట్టి సంగతంతా చెబుతాను. సర్వే చేసే ఊళ్ళో సొంతవాళ్ళెవరైనా ఉంటే ముందే ఆఫీసుకి రాసివ్వాలి. రాసిస్తే ఆ ఊరికి పంపరు. నేను రాసివ్వలేదు. ఎందుకో నీకు తెలుసు. ఏటా సెలవు పెడదామనుకోవడం, నీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియక మానెయ్యడం. వ్యాను కిటికీలోంచైతే ఒకసారి చూసుకోవచ్చు, ఏమీ మాట్లాడక్కర్లేదు అనుకున్నాను. పిరికి ఆలోచనే. తిట్టుకో.

అందుకే బతిమాలుకుంటున్నాను, చెయ్యి ఊపకు, పిలవకు. మా పెద్దసారు నా పక్కనే కూర్చుంటారు. నేను ఎడమవైపు కిటికీ దగ్గర ఉంటాను. నీ దుకాణం ముందు ట్రాఫిక్ లైటు ఉంది కదా, మేం వచ్చేసరికి అది ఎర్రగా పడాలని కోరుకో. 26న పొద్దున వస్తాం. ఫోను కూడా చెయ్యొద్దు. పెద్దసారు చెవులు బహు చురుకు. అయినా మనిద్దరం ఫోనులో మాట్లాడితే రెండో నిమిషానికే పోట్లాట కదా, ఉత్తరమే నయం.

ఇప్పుడున్న లాడ్జి గదికైతే నేను నిండు మార్కులు వేస్తాను. దుప్పటి మీద ముడత లేదు, గ్లాసు మీద వేలిగుర్తు లేదు. నాకు ముందు ఇందులో మనిషన్నవాడు బతికిన జాడ లేదు. నిన్న పని నుంచి వచ్చి విప్పిన చొక్కా కుర్చీ మీద పడేశాను, గది కాస్త గదిలా ఉంటుందని. నేను! విప్పిన చొక్కా కుర్చీ మీద! బయటికి వెళ్ళొచ్చేసరికి ఎవరో దాన్ని మడిచి పెట్టేశారు. ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది.

చెత్తకుప్ప నా కోసం ఎత్తుతున్నావని చదివి సిగ్గుపడ్డాను.

తమ్ముడు


జూన్ 26

తమ్ముడికి,

వెళ్ళిపోయావు. ఈపాటికి ఇంకో ఊళ్ళో ఇంకో గదిలో ఉంటావు.

నిన్న పొద్దున్నే మున్సిపాలిటీ లారీ వచ్చింది. చెత్త కోసమనుకున్నాం. చెత్తేదీ, మేం ఎప్పుడో ఎత్తేశాం. లారీలోంచి రేకులు దించారు. సందు మొదలు నుంచి నా దుకాణం, గొడుగులాయన దుకాణం కప్పేస్తూ బస్టాపు దాకా, ఫుట్‌పాత్ అంచున నిలువెత్తుకి మించి రేకులు పాతేశారు. రోడ్డు వైపు పువ్వులు, చిలకల బొమ్మలు. మా వైపు తుప్పు. పైన పటారం, లోన లొటారం.

"ఇక్కడ శుభ్రంగానే ఉంది కదయ్యా, కళ్ళతో చూసుకో" అన్నాను మేస్త్రీతో.

"ఉంటే ఉందిలేమ్మా. ఈ ముక్క మూసెయ్యమన్నారు, మూశాం. పెద్దవాళ్ళు వచ్చి వెళ్ళాక పీకేస్తాం" అన్నాడు.

అయినా ఆశ చావలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, కుట్టుమిషను ముందు స్టూలు తెచ్చి రేకు పక్కన వేసుకుని ఎక్కాను. అందలేదు. మీ వ్యాను పైకప్పు కనిపించింది, అంతే. నువ్వు కోరుకోమన్నట్టే లైటు ఎర్రగా పడింది. వ్యాను సరిగ్గా నా ఎదురుగా ఆగింది. మధ్యలో రేకు. అది లేకపోతే చెయ్యి చాపి నీ కిటికీ ముట్టుకునేదాన్ని.

పిలవొద్దన్నావు, పిలవలేదు. రేకు మీద కొట్టాను. ముందు అరచేత్తో, తర్వాత కత్తెర పిడితో. గొడుగులాయన కూడా వచ్చి ఎందుకో అడక్కుండానే నాతోపాటు కొట్టాడు. నీకు వినపడలేదంటే నేను నమ్మను. కదలకుండా కూర్చున్నావు. లైటు మారింది, వెళ్ళిపోయావు.

ఉద్యోగం పెద్దదే. నేను కాదనను.

అక్క


జూన్ 26

అక్కకి,

నువ్వు లేవు.

స్టేషను దగ్గర మలుపు తిరిగిన దగ్గర్నుంచి ఎడమవైపు కళ్ళప్పగించి కూర్చున్నాను. నీ దుకాణం లేదు. గొడుగుల దుకాణం లేదు. సందే లేదు. పొడుగునా చిలకల బొమ్మలు వేసిన గోడ ఒకటి వచ్చింది, పోయింది, ఆ తర్వాత బస్టాపు. ఆ లైటు దగ్గరే వ్యాను ఆగింది కూడా. ఇక్కడ కాదేమో, ఇంకో మలుపేమో అనుకుంటుండగానే ఊరు దాటేశాం.

దుకాణం తీసేశావా? ఇల్లు మారావా? మారితే చెప్పవా? నాకొకటే తోస్తోంది. పోయినసారి కోపం నీకు తగ్గలేదు. గుమ్మంలో నిలబడతానని రాసి, నన్ను అలా వెతుక్కోనిచ్చావు. నేను చేసినదానికి అది తక్కువే. కానీ చాలా కష్టంగా ఉంది అక్కా.

లైటు దగ్గర ఎవరో అదే పనిగా రేకు బాదుతున్నారు. అది గోడ కాదు, రేకని అప్పుడే తెలిసింది. "అల్లరి మూకలు అన్ని ఊళ్ళలోనూ ఉంటాయి" అన్నారు పెద్దసారు. నేను తలూపాను. నా చూపంతా నీ బోర్డు కోసమే.

ఆ రోడ్డుకి నిండు మార్కులు వేశాను. మా ఫారంలో మూడే మాటలుంటాయి: శుభ్రం, ఫర్వాలేదు, చెత్త. కింద కాగితం ముక్క కూడా లేదు, వంక పెట్టడానికి చోటే దొరకలేదు. నీ వీధి కదా, మనసులో ఆ ముచ్చట కూడా ఉంది. "శుభ్రం" అని దిద్దినట్టు రాశాను. నీకు ఆనందం కలుగుతుందనుకున్నాను.

ఎక్కడున్నావో రాయి.

తమ్ముడు


జూలై 5

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. నీది ఇప్పుడే చదివాను. ఆ రేకు మీద కొట్టింది నువ్వు. నేను తలూపాను.

ఎలా క్షమాపణ చెప్పుకోవాలో తెలియడం లేదు. వినపడింది, నువ్వని తెలియలేదు.

ఇంకో మాట. నువ్వు ప్రతి ఉత్తరం చివరా "శుభ్రంగా ఉన్నాను" అని రాస్తావు. ఇన్నేళ్ళూ నేను అది చదివి, సరే బాగానే ఉంది కదా అని మడిచి పెట్టేవాణ్ణి. ఈసారి ఉత్తరంలో ఆ మాట లేదు. అది లేకపోయేసరికి పాతవన్నీ తీసి మళ్ళీ చదివాను. ఒంట్లో బాగాలేనప్పుడూ అదే రాశావు, ఇల్లు కురిసినప్పుడూ అదే. ఇంక అడగొద్దని చెప్పడానికి నీకు దొరికిన మాట అది. నేను దానికి కూడా నిండు మార్కులే వేశాను.

మార్కులు ఆఫీసుకి చేరిపోయాయి. ఇప్పుడు నోరు విప్పితే, అసలు నీకు ఆ వీధి సంగతి ఎలా తెలుసంటారు. సొంతక్క ఉందని దాచావంటారు. ఉద్యోగం ఊడుతుంది. మేస్త్రీ రేకులు పీకేస్తామన్నాడు కదా, కొంచెం ఓపిక పట్టు. ఇంత చిన్నదానికి ఊరంతా గోల చేసుకోవడం దేనికి?

జవాబు రాయి. తిట్టయినా రాయి.

తమ్ముడు


జూలై 28

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే రేకులు పీకేశారు. వాటి చోట ఇటుక గోడ కడుతున్నారు.

మా ఊరికి బహుమతి వచ్చింది, నీకు ముందే తెలిసుంటుంది. మా స్టేషను రోడ్డుకి నిండు మార్కులట, చూడ్డానికి వేరే ఊళ్ళ నుంచి కూడా వస్తారట. అంత పేరు తెచ్చిన గోడని రేకుతో వదిలేస్తే బాగుండదని పక్కాగా కట్టేస్తున్నారు. మళ్ళీ చిలకల బొమ్మలే వేస్తారట. గొడుగులాయన మేస్త్రీని అడిగాడు, ఒక చిలక స్థానంలో నా గొడుగు వెయ్యి నాయనా, దుకాణం ఇక్కడుందని తెలుస్తుంది అని. మేస్త్రీ నవ్వాడు. ఈయన నవ్వలేదు.

ఇప్పుడు మా దుకాణాల్లోకి రావాలంటే సందు వెనకనుంచి మురుక్కాలవ పక్కగా చుట్టూ తిరిగి రావాలి. తెగిన సంచి చంకలో పెట్టుకుని కొత్త ఊళ్ళో దిగినవాడు అంత దూరం ఎందుకొస్తాడు, ఇక్కడొక దుకాణం ఉందనే తెలియనివాడు? చెత్తబండి రావడం మానేసింది. కనపడని చోటికి బండి దండగ అన్నారు. కుప్ప మళ్ళీ లేచింది. ఇదివరకు మా సందువాళ్ళే వేసేవాళ్ళు, ఇప్పుడు రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా గోడ మీంచి లోపలికి విసిరేస్తున్నారు. రోడ్డు పాడుచెయ్యకూడదు కదా మరి. మొన్న ఒక ఖాళీ సీసా నా మిషను పక్కనే పడింది.

ఇంత చిన్నదానికి గోల దేనికన్నావు. నేను గోల చెయ్యడం లేదు. నేను చెయ్యగలిగిన గోల ఆ రోజు రేకు మీద చేశాను.

శుభ్రంగా ఉన్నాను.

అక్క


ఆగస్టు 17

సబ్బుబిళ్ళకి,

నా చివరి ఉత్తరానికి జవాబు రాలేదు. రాసి డబ్బాలో వేశాక మనసు మనసులో లేదు. కోపంలో రాశాను. అంత పదునుగా రాయాల్సింది కాదు. నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు.

గొడుగులాయన దుకాణం తీసేశాడు. కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నాకొక గొడుగిచ్చి "ఊచలన్నీ కొత్తవేనమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆయన దగ్గినా, తుమ్మినా నాకు తెలిసేది. ఇప్పుడు మిషను ఆపితే నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

నీకెప్పుడూ చెప్పలేదు కానీ, నాకు జిప్పులు బాగుచెయ్యడం కన్నా జిప్పు బాగయ్యేదాకా మనుషులు బల్ల మీద కూర్చోవడం ఇష్టం. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి నోరు ఊరుకోదు. ఎవరింటికి వచ్చారో, ఎందుకొచ్చారో, ఉంటారో పోతారో అన్నీ చెప్పేస్తారు. మళ్ళీ జన్మలో కనపడను కదా, అందుకు. ఒకావిడ మొగుడితో పోట్లాడి రైలెక్కేసి ఇక్కడ దిగింది. నేను జిప్పు కుట్టేలోపు మనసు మార్చుకుని తిరుగు రైలెక్కింది. ఊరు బాగుందని పొగిడేవాళ్ళూ, మురికిగా ఉందని తిట్టేవాళ్ళూ ఉండేవారు. తిట్టినవాళ్ళతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి రోజంతా ఎవరితో మాట్లాడుతుంది అని నువ్వెప్పుడైనా అనుకున్నావో లేదో, ఇదిగో, వీళ్ళతో.

ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఎవరైనా వచ్చి "ఛీ, ఏం ఊరండీ ఇది" అంటే బాగుండుననిపిస్తోంది.

రుమాలు పెట్టుకున్నందుకు నాకేం కోపం లేదురా. రెండు ముక్కలు రాయి. నాకు ఒంటరిగా ఉంది.

అక్క


ఆగస్టు 30

అక్కకి,

జవాబు రాయకపోవడం కోపం కాదు. రాస్తే మళ్ళీ ఓపిక పట్టమనే రాస్తానేమోనని భయం. నీ జూలై ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంకో రెండు ఊళ్ళు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ ఒక బొమ్మల గోడ వచ్చేది. దాని అవతల ఎవరున్నారో అనిపించేది, చెయ్యి ఆడేది కాదు. "ఏంటయ్యా, రాయవేం?" అని పెద్దసారు గదమాయించేవారు.

నీ రెండో ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకి వెళ్ళి అన్నీ చెప్పేశాను. ఆ ఊళ్ళో మా అక్క ఉంది, దాచాను. ఆ రోడ్డుని నేను చూడలేదు, గోడని చూశాను. మార్కులు వెనక్కి తీసుకుని మళ్ళీ చూడండి, ఈసారి దిగి చూడండి అన్నాను.

"చూడనిదానికి మార్కులెలా వేశావు?" అన్నారు పెద్దసారు.

"మీరూ నా పక్కనే ఉన్నారు కదా సార్" అన్నాను.

ఆయన నీళ్ళు తాగి, "నేను నీ మాట నమ్మి వేశాను" అన్నారు. ఆయన అబద్ధమాడలేదేమో కూడా. నా కళ్ళంటే ఆయనకి గురి.

ఉద్యోగం మానెయ్యమని అనలేదు. నువ్వే మానేస్తే మర్యాదగా ఉంటుందన్నారు. మానేశాను. మళ్ళీ ఒక బృందాన్ని మీ ఊరికి పంపుతామని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకుంటే గోడ పోతుంది, నీ బల్ల మీదకి మనుషులొస్తారు. నాకు అదొక్కటే కావాలి.

క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. సామాను పెద్దగా లేదు. ఇన్నేళ్ళూ ఏదీ పోగుపడకుండా చూసుకున్నాను కదా, ఒక పెట్టెలో సరిపోయింది. ఆ పెట్టె చూస్తే నాకే జాలేసింది.

నీ దగ్గరికి రానా? ఈసారి వారానికి కాదు. జాలిపడి సరేననకు. ఇష్టం లేకపోతే లేదని రాసెయ్యి.

తమ్ముడు


సెప్టెంబరు 10

ఒరేయ్,

నిన్నెవరు చెప్పమన్నారు? పదవీ విరమణకి ఇంకా పదేళ్ళు పెట్టుకుని ఉద్యోగం వదులుకున్నావా? ఉత్తరం చదివి ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. వినేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే తిట్టాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత పొయ్యి మీద పెట్టింది మాడిపోతే లేచాను.

నువ్వు అడక్కముందే చెబుతున్నాను. మళ్ళీ వ్యాను వచ్చింది. మొన్న మధ్యాహ్నం. నేను గోడ చివర, బస్టాపు దగ్గర నిలబడి చూశాను. ఈసారి నలుగురు దిగారు, నిజమే. గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. ఒకాయన చిలక మీద వేలితో రాసి, దుమ్ము అంటలేదని పక్కాయనకి చూపించాడు. "అయ్యా, అవతల ఒకసారి చూడండి" అన్నాను. "అవతల మా పరిధిలోకి రాదమ్మా, రోడ్డు వరకే" అన్నాడు, మర్యాదగానే అన్నాడు. గోడ శుభ్రంగా ఉందని రాసుకుని వ్యానెక్కారు.

కాబట్టి గోడ పోదు. నీ ఉద్యోగమే పోయింది. ఇది నీకు ఉత్తరంలో రాయాలా, వచ్చాక చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. తీరా వచ్చాక గోడ నిలబడి ఉండటం చూసి నువ్వు మళ్ళీ పెట్టె సర్దుతావేమోనని రాస్తున్నాను. తెలిసే రా.

నీ త్యాగం వృథా అయిందని నేను అనుకోవడం లేదు. ఈ ఊరికి మార్కులేసిన మనిషి ఒకడైనా నా దుకాణం ఉందని ఆఫీసులో నోరు తెరిచి చెప్పాడు. నాకు అది చాలు. చాలదులే, ఊరికే అన్నాను. నువ్వు రావాలి.

మిషను ఇక్కడ పెట్టుకుని కూర్చుంటే తుప్పు పడుతుంది. స్టేషను మెట్ల పక్కన కాస్త నీడ ఉంది, అక్కడ పెట్టుకోవచ్చని పోర్టరొకాయన చెప్పాడు. రోజూ తీసుకెళ్ళి తీసుకురావడానికి ఇద్దరు మనుషులు కావాలి. నాకు నడుం పట్టేస్తోంది. జాలిపడి పిలుస్తున్నానని నువ్వు అనుకోకుండా ఉండటానికి ఈ సంగతి రాశాను, కానీ మిషను లేకపోయినా పిలిచేదాన్ని.

ఇల్లు నీకు నచ్చదు. కిటికీ తెరిస్తే వాసన. మూస్తే ఉక్క. పొద్దున్నే ముక్కు మూసుకుని నన్ను తిట్టుకుంటావు, నేను పడతాను. ఎదురు మాట కూడా అంటాను. ఎంత కాలమైందో ఎవరితోనైనా పోట్లాడి.

ఏ రోజు, ఏ రైలుకి వస్తావో రాయి, నేను స్టేషనుకి వస్తాను. ప్లాట్‌ఫారం మీదే ఉంటాను, ఏ గోడా అడ్డం లేదు, నేనే చూసుకొచ్చాను. రైలు ఇక్కడ ఎక్కువసేపు ఆగదు. నేను కనపడ్డానని కిటికీలోంచి చూస్తూ కూర్చోకు.

దిగు.

అక్క